ఎడమ చెయ్యి వదులుగా అల్లాలి

అత్తమ్మ ఎడమ చేతికి ఇక గాజులు ఉండకూడదన్న వార్త మా ఇంటికి మొదట తెచ్చింది మామయ్యే. ఎవరి క్షేమం కోసం ఆ గాజులు వేసుకుంటుందో ఆ మనిషి నోటి నుంచే ఆ మాట వినవలసి వచ్చింది. అత్తమ్మను సూర్యాపేట దవాఖానలో పడుకోబెట్టి, మార్చుకునే చీరల కోసం కోదాడకు బస్సులో వచ్చాడు. చెప్పులు విడవకుండానే గడప దగ్గర నిలబడి, "ఆపరేషన్ అయింది బిడ్డా. నరాలు కలిపిన్రు. ఇగ ఆ సేతికి గాజులు ఏసుడు లేదంట. జన్మల లేదంట" అన్నాడు.

జేబులోంచి అత్తమ్మ గాజులు కట్టిన రుమాలు మూట తీసి నా చేతిలో పెట్టాడు. దాని వంక చూడలేదు. "దేవుని కాడ పెట్టు" అని నీళ్ల బిందె వైపు వెళ్లిపోయాడు.

అత్తమ్మ కిడ్నీలు పనిచేయడం మానేశాయి. రోజు విడిచి రోజు సూర్యాపేట వెళ్లి మిషన్ మీద నెత్తురు శుభ్రం చేయించుకోవాలి. అప్పటికి మెడ దగ్గర పెట్టిన గొట్టంతో నడుస్తోంది కానీ అది ఎక్కువ కాలం ఉంచేది కాదు, చీము పడితే మనిషికే ముప్పు. అందుకని ఎడమ మణికట్టు దగ్గర రెండు నరాలు కలిపి కుట్టారు. అది లావెక్కితే ఇక సూదులు అందులోనే గుచ్చుతారు. కుడి చేతి నరాలు పనికిరావని డాక్టరు ముందే చెప్పాడు. అంటే అత్తమ్మ ప్రాణానికి మిగిలిన దారి ఆ ఎడమ చెయ్యి ఒక్కటే. దాని మీద బరువు పడకూడదు. దాని మీదికి ఒత్తిగిలి పడుకోకూడదు. బిగుతైనది ఏదీ దాన్ని పట్టకూడదు.

మా ఇళ్లలో బిగుతైనవన్నీ ఆడదాని ఎడమ చేతికే ఉంటాయి. గుడిలో పూజారి కట్టే రక్షదారం, దిష్టి తగలకుండా కట్టే నల్లతాడు, అన్నీ ఆ చేతికే. గాజుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మొగుడు బతికున్న ఆడమనిషి బోసి చేత్తో వాకిట్లోకి వస్తే చూసినవాళ్లు ముందు ఆమె నుదురు చూస్తారు, తరువాత ఇంట్లోకి తొంగి చూస్తారు.

అత్తమ్మ ఇంటికొచ్చాక ఎడమ చేతిని కొంగులోంచి బయటికి తీయలేదు. కూరగాయల బండి దగ్గరికి నన్నే పంపేది. ఒకరోజు ఎదురింటామె పలకరించడానికి వచ్చి, ఆ చెయ్యి చూసి ఒక్క క్షణం ఆగింది. ఆమె వెళ్లాక అత్తమ్మ నాతో అంది, "సూసినవా, ఆమె కండ్లు మీ మామ కుర్సీ దిక్కు పోయినయ్. ఉన్నడా పోయిండా అని."

"అట్లెందుకు అనుకుంటది అత్తమ్మా? ఆమెకు తెల్వదా?"

"తెలిసినా కండ్లు ఊకుంటయా?"

నాకు బడి చదువు లేదు. మా అమ్మ ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది, శతకాలు చదివించింది, వంట నేర్పింది, దీపం ముందు కూర్చోవడం నేర్పింది. చూసి చేయడమే నాకు తెలిసిన చదువు. అందుకే అత్తమ్మతో సూర్యాపేట వెళ్లడం మొదలుపెట్టాక అక్కడి పనులన్నీ కళ్లతోనే పట్టుకున్నాను. ఎవరు ఎప్పుడు వస్తారు, ఏ మిషన్ గంట మోగితే సిస్టర్లు పరుగెత్తుతారు, ఏ గంటకు పరుగెత్తరు. మొదట్లో ప్రతి గంటకూ లేచి నిలబడేదాన్ని. మా ఆయన సిమెంటు లారీ మీద ఎప్పుడూ దూరాల్లోనే ఉంటాడు కాబట్టి మామయ్యా నేనే అత్తమ్మకు తోడు. మామయ్య లోపలికి వచ్చేవాడు కాదు. ఆ గొట్టాల్లో ఎర్రగా తిరుగుతున్నది చూడలేనని బయట చాయ్ బండి దగ్గరే నిలబడేవాడు.

ఆ గదిలో ఏసీ. ఒంట్లోని నెత్తురు బయటికెళ్లి తిరిగి వచ్చేసరికి మనిషి వణికిపోయేది. దుప్పటి కప్పితే మెడ గొట్టం కనబడాలని సిస్టరు కిందికి జరిపేది. స్వెట్టరు తల మీదుగా తొడిగే వీలు లేదు. అత్తమ్మ పళ్లు టకటకలాడుతుంటే నేను కాళ్లు రుద్దుతూ స్వామి నామం తలుచుకునేదాన్ని.

అక్కడే త్రిపురారం నుంచి వచ్చే అక్క పరిచయమైంది. మా పక్క మంచం ఆమె భర్తది. మిర్యాలగూడలో మంచం ఖాళీ లేక ఇంత దూరం వచ్చేవాళ్లు. తెల్లవారే బయలుదేరి, ఇద్దరూ ఒకే డబ్బాలో తెచ్చుకున్న అన్నం తినేవాళ్లు. ఆమె చేతిలో ఎప్పుడూ ఊలు ఉండ, కొస వంగిన క్రోషా సూది ఉండేవి. భర్తకు ఆకుపచ్చ టోపీ అల్లుతోంది. టోపీ అయ్యాక మఫ్లరు, మఫ్లరు అయ్యాక మళ్లీ ఇంకోటి.

"నువ్వు గట్ల కాళ్లు రుద్దుకుంట కూసుంటే మీ అత్తకు సలి పోతదా చెల్లె?" అంది ఒకరోజు. "ముందు దిక్కు తెరుసుకునే స్వెట్టరు అల్లు. గుండీలు ఇప్పి గొట్టం కాడ తీస్తే అయిపాయె."

"నాకు రాదక్కా."

"నాకు మాత్రం కడుపులనే వచ్చిందా? సూడు."

తనది ఇంకో సూది ఇచ్చింది. దారాన్ని కొక్కేనికి చుట్టి, కన్నులోంచి లాగి, మళ్లీ చుట్టి లాగడం. అంతే. ఆ అంతే అన్నది నా వేళ్లకు ఎక్కడానికి చాలా రోజులు పట్టింది. అక్క చెప్పిన స్వెట్టరు లెక్క సులువైనదే. వీపుకొక పెద్ద నలుచదరపు ముక్క, ముందుకు రెండు సన్నని ముక్కలు, చేతులకు రెండు. విడివిడిగా అల్లి చివరికి కలిపి కుట్టడం. ఆకారాలు తీర్చడం ఏమీ లేదు. అయినా నా మొదటి ముక్క నలుచదరంగా రాలేదు. ప్రతి వరసలోనూ అంచు కుట్టు ఒకటి మరిచిపోతూ వచ్చాను. పైకి పోయేకొద్దీ సన్నబడి గాలిపటం తోకలా తేలింది.

అక్క దాన్ని ఎత్తి పట్టుకుంది. "ఇది మీ అత్తకా, మీ అత్త మేకపిల్లకా?"

మంచం మీది నుంచి అత్తమ్మ నవ్వింది. ఆపరేషన్ తరువాత ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు వినిపించినందుకు ఆ వంకర ముక్కను నేను చాలా రోజులు విప్పలేదు.

నాది మరో తప్పు అక్క చెబుతూనే ఉండేది. "బిగ్గ లాగుతున్నవ్ చెల్లె. దారాన్ని ఆవు పలుపు లెక్క పట్టుకుంటవేంది? వదులు." నేను వదులు చేసేదాన్ని. ఇంతలో మిషన్ గంట మోగేది, వేళ్లు మళ్లీ బిగుసుకునేవి. కుట్టు కుట్టుకూ ఒక నామం అనుకుంటూ అల్లేదాన్ని. భక్తికి చేతులు మెత్తబడాలి కదా. నాకు మాత్రం భయమే చేతుల్లోకి దిగేది. ఒక్కో వరసలో గంటలు మోగినచోట కుట్లు ముడుచుకుని ఉండేవి. చూస్తే తెలిసిపోయేది.

అక్క ఇంకో పని కూడా నేర్పింది. అత్తమ్మ ఎడమ మణికట్టు మీద అరచెయ్యి మెల్లగా ఆనించి, "ఇటు పెట్టు నీ చెయ్యి" అంది. చర్మం కింద జుమ్మని ఏదో తిరుగుతోంది. నేను ఉలిక్కిపడి చెయ్యి తీసేశాను.

"భయపడకు. మా మిర్యాలగూడ రైసుమిల్లు దూరం కెళ్లి ఇనబడ్తదే, అట్ల. మిల్లు నడుస్తుంటే మంచిదే. బందయితే మాత్రం ఆగొద్దు, గుంజుకొని దవాఖానకు రావాలె."

ఆ మాట విన్నప్పటి నుంచి నా చెవులు ఆ మిల్లు మీదే ఉన్నాయి. కానీ కోడలు పొద్దున్నే వచ్చి చెయ్యి పట్టుకుని చూడటం అత్తమ్మకు నచ్చలేదు. ఆ బోసి చేతిని ఇంట్లోవాళ్లు కూడా చూడకూడదనే ఆమె పట్టుదల. "నేనే సూసుకుంట. మోగుతున్నది లే, పో" అనేది.

శివరాత్రి దాటాక స్వెట్టరు పూర్తయింది. గోధుమరంగు, గుండీలు ఐదు రకాలవి. వీపు కాస్త పొడుగు, కుడి చెయ్యి కాస్త పొట్టి, ఎడమ చేతి అంచు బిగుతు. ఆ అంచు అల్లిన రోజు పక్క గదిలో ఎవరికో బాగాలేక గంటలు మోగుతూనే ఉన్నాయి. తొడుక్కోగానే అత్తమ్మ ఎడమ చేతి అంచును మణికట్టు దాకా లాక్కుంది. అరచెయ్యి తప్ప ఏమీ కనబడలేదు. నా వంక చూసి, "బంగారం లెక్కుంది బిడ్డా" అంది.

చేతులెత్తి దండం పెట్టుకున్నాను. అంతకంటే నేనేం అడుగుతాను? ఆ రోజు నుంచి ఆమె వాకిట్లోకి వచ్చింది. ముగ్గేసింది. కూరగాయల బండి దగ్గర బేరమాడింది. ఎండలు ముదిరినా స్వెట్టరు విప్పలేదు. కోదాడ ఎండలో స్వెట్టరేందని ఎదురింటామె అడిగితే, "నా కోడలు అల్లింది. నీ కోడలు అల్లుతదా?" అని నోరు మూయించింది. నేను లోపల నిలబడి విని ఎంత మురిసిపోయానో. నా చేతిపని మీద ప్రేమ అనుకున్నాను.

ఆ ఎండల్లోనే ఒక రోజు, సూర్యాపేట వెళ్లే ఆటోలో అత్తమ్మ నాకు దూరంగా జరిగి కూర్చుంది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుడి చేత్తో ఏదో సవరించుకుంటోంది. ఏమైందంటే ఏం లేదంది. దవాఖాన లోపలి వరండాలో పిలుపు కోసం కూర్చున్నప్పుడు త్రిపురారం అక్క ఎప్పటిలాగే వచ్చి, "మిల్లెట్లుంది అత్తా?" అంటూ స్వెట్టరు మీద నుంచే మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"చెల్లె," అంది మెల్లగా. "మిల్లు ఇనబడ్తలేదు."

అంచు పైకి లాగబోతే రాలేదు. నేను బిగించి అల్లిన అంచు. కింద వేలు దూర్చి బలంగా పైకి తోస్తే కనబడ్డాయి. రెండు ఆకుపచ్చ గాజులు, ఉబ్బిన చర్మంలోకి దిగిపోయి. దేవుడి దగ్గర రుమాల్లో ఉండవలసినవి.

ఖాళీ రుమాలు దేవుడి దగ్గరే మడిచి ఉంచి, రోజూ వేసుకునేదట, తరువాత తానే చెప్పింది. బండి సూర్యాపేటకు చేరేలోపు తీసి బొడ్లో దోపుకునేదట. ఆ రోజు చెయ్యి వాచి అవి రాలేదు. పైన నా అంచు వాటిని నరం మీదే అదిమి పట్టింది.

నేను సిస్టరును కేకేశాను. ఆమె పరుగెత్తుకొచ్చి చూసి, "జల్ది పగలగొట్టాలమ్మా. టైం లేదు" అని కత్తెరలాంటిది తెచ్చింది. అది చూడగానే అత్తమ్మ చెయ్యి పొట్టకు అదుముకుని వంగిపోయింది.

"నా పెనిమిటి బతికుండంగ నా గాజులు పగలగొడ్తరా? ముట్టుకోకుండ్రి! నేను సచ్చినా మంచిదే, ముట్టుకోకుండ్రి!"

సిస్టరు బతిమాలింది, నేను కాళ్లు పట్టుకున్నాను. ఎంత లాగినా ఆ చెయ్యి రాలేదు, లాగితే నరానికి ఏమవుతుందోనని మళ్లీ భయం. ఆ చేతి కింద ప్రాణం ఆగిపోతోంది, మేమంతా చుట్టూ నిలబడి చూస్తున్నాం. అప్పుడు అక్కే నన్ను భుజం పట్టి తోసింది. "మీ మామను పిలువు. పో!"

చాయ్ బండి దగ్గరికి ఎలా వెళ్లానో తెలియదు. నా ముఖం చూసే మామయ్య గ్లాసు పడేసి లోపలికి వచ్చాడు. మిషన్ రోజుల్లో ఎన్నడూ దాటని ఆ తలుపు దాటి వచ్చి అత్తమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఏమే. నన్ను సూడు."

ఆమె చూడలేదు.

"సూడవే. బతికున్ననా లేదా?"

"ఉన్నవ్" అంది ఏడుస్తూ.

"మరి నువ్వు పోతే ఈ గాజులు ఎవలికి తొడగాలె? నాకు తొడుగుతరా?"

అత్తమ్మ ఏడుపులోనే, "నీ నోట్ల మన్నువడ" అంది. చెయ్యి కొంచెం వదులైంది. మామయ్య దాన్ని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. "పగలగొట్టేది లేదు. మీరు జరుగుండ్రి. ఎవలో తీస్తే తప్పు గాని, నేను తీస్తే తప్పా? నేను కొనిచ్చిన గాజులు నేను తీస్త."

అక్క తన ఊలు ఉండ మీదున్న పల్చని కవరు లాగి ఇచ్చింది. గాజులామె బిగుతు గాజు తొడిగేటప్పుడు చేతికి కవరు వేస్తుంది చూడండి, అట్లా వేళ్ల మీద నుంచి కవరు తొడిగి, దాన్ని గాజు కిందికి దూర్చింది. అత్తమ్మ వేళ్లను అక్క మొగ్గలా నొక్కి పట్టుకుంది. మామయ్య మెల్లగా జరిపాడు. మొదటి గాజు జారి వచ్చింది. రెండోది బొటనవేలి ఎముక దగ్గర ఆగింది. ఆయన పళ్లు బిగించి లాగాడు. వచ్చింది. రాగానే ఆయన పిడికిలి మూసేసి, ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు. "రెండూ మంచిగనే ఉన్నయ్. దేవుని కాడ పెడ్త" అన్నాడు. జేబులోంచి ఆ చెయ్యి తీసినప్పుడు అరచేతిలో సన్నగా నెత్తురు గీత. నేను చూశాను. అక్క కూడా చూసింది.

డాక్టరు వచ్చి స్కానింగ్ గొట్టం ఆనించి చూశాడు. నెత్తురు పోతోంది కానీ సన్నని ధారలా పోతోందన్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే మూసుకుపోయేదే, ఇప్పుడు కూడా తెరుచుకుంటుందని చెప్పలేను, చూడాలి అన్నాడు. ఆ చూడాలి అన్న మాట కింద మేము కూర్చున్నాం. ఇది మూసుకుపోతే ఇక దారి లేదని మాకు ముందే తెలుసు. నేను ఆ మణికట్టు మీద అరచెయ్యి పెట్టి ఉంచాను. స్వామీ, ఆడించు. ఆ రెండు మాటలు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు, నేర్చుకున్న స్తోత్రాలన్నీ ఎక్కడికి పోయాయో. నా వేళ్లలో నా నాడే కొట్టుకుంటుంటే అదే అనుకుని రెండుసార్లు మోసపోయాను. పొద్దు వాలేటప్పుడు చర్మం కింద చీమ నడిచినట్టు కదిలింది. మళ్లీ మోసపోతున్నానేమోనని అక్కను పిలిచాను. ఆమె చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది.

"మిల్లు నడుస్తున్నది" అంది. "మెల్లగ. కని నడుస్తున్నది."

ఇంటికొచ్చాక స్వెట్టరు ఎడమ చేతిని విప్పేశాను. కొస ముడి కోసి దారం లాగితే బర్రున విడిపోతుంది. ఎంత భయపడి బిగించినదైనా విప్పేటప్పుడు ఏ అడ్డూ చెప్పదు. ఈసారి కింద కలపకుండా, భుజం నుంచి మణికట్టు దాకా తెరుచుకునేలా పెద్ద సూదితో వదులుగా అల్లడం మొదలుపెట్టాను. దవాఖానకు వెళ్లినప్పుడు అక్క సగం ముక్క పట్టుకుని చూసి, "ఇప్పుడొచ్చింది నీ చెయ్యి" అంది. అత్తమ్మ తల తిప్పుకునే అడిగింది, "అంచుకు పచ్చ దారం రెండు వరసలు ఏస్తవా బిడ్డా?" మా దగ్గర పచ్చ దారం లేదు. అక్క తన భర్త టోపీలో మిగిలిన చిన్న ఉండ తీసి నా ఒళ్లో వేసింది.

ఆ అంచు పూర్తి చేసి తొడిగించి తీసుకెళ్లిన రోజు పక్క మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. సిస్టరును అడిగాను. తల అడ్డంగా ఊపింది. అక్క భర్త ఇంట్లోనే పోయాడట.

అక్కకు రెండు చేతుల నిండా గాజులుండేవి. అల్లుతుంటే గలగలలాడేవి. ఆమె ఏ నియమమూ తప్పలేదు, మందు వేళ తప్పలేదు. అత్తమ్మ ఆ రోజు మిషన్ మీద ఉన్నంతసేపూ పైకప్పు చూస్తూనే ఉంది. చివరికి నన్ను దగ్గరికి పిలిచి గుసగుసగా అంది, "ఆ దినం నా సెయ్యి వట్టుకున్నది ఆమెనే గదా. మీ మామ గాజులు తీసేటప్పుడు. నాకు రావల్సింది ఆమెకు పోయిందా బిడ్డా?"

"అట్లేం ఉండదు అత్తమ్మా" అన్నాను. అన్నాను కానీ, మామయ్య పిడికిట్లో చిట్లిన ఆ రెండో గాజు నా కళ్లలో మెదిలింది. ఆ సంగతి అత్తమ్మకు ఇప్పటికీ తెలియదు. మామయ్య బాగానే ఉన్నాడు. పొద్దున చాయ్‌లో చక్కెర తక్కువైందని నన్ను కేకలేశాడు. ఆ కేకకు కూడా నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు సూదులు ఎడమ చేతికే గుచ్చుతున్నారు. మెడ గొట్టం తీసేశారు. రోజూ స్నానం కాగానే, దీపానికంటే ముందు అత్తమ్మ దగ్గరికి వెళతాను. ఆమె ఇప్పుడు తానే చెయ్యి చాపుతుంది. నా అరచెయ్యి ఆనించి, ఆ జుమ్ము తగిలేదాకా ఊపిరి తీయను. తగిలాక లేచి దీపం పెడతాను. ఈ భయం ఇక పోయేది కాదని తెలిసింది. దానితోనే పూజ చేసుకుంటున్నాను.

అక్క ఫోన్ నంబరు మేమెవరం అడగలేదు. రోజు విడిచి రోజు కనబడే మనిషి నంబరు ఎందుకనుకున్నాం. త్రిపురారం అని తప్ప ఊరి పేరు కూడా నాకు సరిగా తెలియదు, చుట్టుపక్కల పల్లె కావచ్చు. కాలువ దాటాక మా ఇల్లు అని ఒకసారి అంది. ఇది చదివేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మీరు దీపం పెట్టేటప్పుడో, అన్నం ముందు కళ్లు మూసుకునేటప్పుడో, కాలువ అవతల ఇంట్లో బోసి చేతులతో ఊలు ఉండ పట్టుకుని కూర్చున్న ఆ అక్కను ఒక్కసారి తలుచుకోండి. ఆమెకు వచ్చిన కష్టం ఎవరికో రావల్సింది ఆమెకు పోవడం వల్ల కాదని, మా అత్తమ్మ చేతిలో మిల్లు ఆమె వల్లే నడుస్తోందని, ఆమెకు ఎవరైనా చెప్పేలా చూడమని దేవుణ్ణి అడగండి.